బంద్ ఫోను, ఖుల్లా ఫోను

నారాయణఖేడ్ బస్టాండ్ ఎదుట సెల్‌ఫోన్ల దుకాణం ఇంకా తెరవలేదు. దాని మెట్ల మీద, నాగల్‌గిద్ద నుంచి తొలి బస్సుకు దిగిన మల్లప్ప, ఒకప్పుడు అతనికి బడిలో సైన్సు చెప్పిన బసవరాజ్ సారు పక్కపక్కన కూర్చుని ఉన్నారు.

“గవన్ని నాకు దెల్వయి సార్. ఏ ఫోన్ కొంటె మా ఇంద్రమ్మ నాతోని మాట్లాడ్తదో గది చెప్పుర్రి. షట్టర్ ఎత్తంగనే కొనుక్కొని పోత.”

“మల్లప్పా, నీ భార్య మౌనానికీ ఫోనుకూ సంబంధం ఉన్నదని ఇంకా తేలలేదు. ముందు జరిగినది వరుసగా చెప్పు.”

“బస్సు దిగంగనే చెప్పిన గద సార్.”

“సగం హారన్‌లో కలిసిపోయింది. మళ్ళీ చెప్పు.”

“ఎనిమిది దినాల కింద, పొద్దుగాల, బర్రెకు గడ్డి ఎయ్యనీకి పోయిన. కొట్టంల ఎప్పటికి చీకటే. నా ఫోన్ల ఛార్జింగ్ లేదు. లైటు కోసమని ఆమె ఫోన్ పట్టుకపోయిన. వంగిన. జారింది. కుడితి గోలెంల పడ్డది.”

“వెంటనే తీశావా?”

“తీద్దామనే చూసిన. బర్రె మూతి పెట్టింది. అది తాగుడు అయినంక తీసిన.”

“ఆ తరువాత?”

“జొన్నల డబ్బల పాతిపెట్టిన. బియ్యంల పెడ్తె నీళ్ళు గుంజుతయంటరు గద. బియ్యం అయిపోయినయి, జొన్నలల్ల పెట్టిన.”

“బియ్యమైనా జొన్నలైనా ఒకటే. ఊరికే గాలికి పెట్టినా అంతే ఆరుతుంది. చెప్పుకునేవారే గాని కొలిచి చూసినవారు తక్కువ.”

“ఆరలే సార్. పురుగు వట్టింది.”

“ఫోనుకా?”

“జొన్నలకు.”

“సరే. ఈ సంగతి ఇంద్రమ్మకు చెప్పావా?”

“చెప్పుడెందుకు సార్, ఎర్కైంది గద! గదే దినం పొద్దుమీకి సంది ఒక్క మాట లేదు. అన్నం పెడ్తది, మాట్లాడది. ఛాయ్ ఇస్తది, మాట్లాడది. జొన్నలల్ల చెయ్యి పెట్టి ఉంటది, ఫోన్ దొరికి ఉంటది.”

“దొరికిందని నీకెలా తెలుసు?”

“మాట్లాడ్తలేదు గద!”

“ఆమె ఎందుకు మాట్లాడటం లేదంటే ఫోను దొరికింది కాబట్టి. ఫోను దొరికిందని ఎలా తెలుసంటే ఆమె మాట్లాడటం లేదు కాబట్టి. ఇది గుండ్రంగా తిరుగుతోంది, మల్లప్పా.”

“నాకు గూడ తిరుగుతుంది సార్, తలకాయ.”

“ఒకదాని తరువాత ఒకటి జరిగినంత మాత్రాన...”

“సైగ గూడ చేసింది సార్! గొంతు మీద చెయ్యి పెట్టి, గిట్ల, అడ్డం గుంజి చూపిచ్చింది. కోస్త అన్నట్టు.”

“ఊఁ. వ్రాసి ఏమైనా చూపిందా?”

“చూపిచ్చింది. కండ్లద్దాలు లేవు, సదువరాదన్న.”

“నీ జేబులో ఉన్నవి ఏమిటి?”

“కండ్లద్దాలే.”

“మరి పెట్టుకుని చదవలేదేం?”

“భయమైంది సార్! సదివితె గది నిజమైతది గద. ఇగ నాతోని కాదు. ఇల్లు ఇల్లు లెక్క లేదు. తిట్టినా సాలు, ఇంత తిట్టుపడక ఎన్ని దినాలైందో! పొద్దుమీకి బర్రె కాడ కూసొని దానితోని ముచ్చట పెడ్తున్న. గది గూడ మొఖం తిప్పుకుంటుంది. జల్ది చెప్పుర్రి, ఏ ఫోన్?”

“ఫోన్లలో ప్రధానంగా రెండు ఆవరణ వ్యవస్థలున్నాయి.”

“ఆవరణ వ్యవస్థ! మీరు ఏడో తరగతిల చెప్పిన్రు సార్. మిడత, కప్ప, పాము, గద్ద.”

“శభాష్. ఆ మాటే.”

“ఫోన్ల కప్ప ఏడుంటది సార్?”

“కప్ప ఉండదు. ఒకదాని మీద ఒకటి ఆధారపడి బ్రతికే ఏర్పాటు అని భావం. ఒకటి మూసిన వ్యవస్థ, ఐఫోను. రెండవది తెరచిన వ్యవస్థ, ఆండ్రాయిడ్.”

“మూసింది అంటె?”

“నీ మాటలో చెప్పాలంటే బంద్. తెరచినది ఖుల్లా.”

“బంద్ ఫోనా?”

“అవును.”

“బంద్ ఫోన్ ఇంట్లనే ఉన్నది గద సార్, జొన్నలల్ల! మళ్ళ పైసలు పెట్టి ఇంకో బంద్ ఫోన్ కొనాల్నా?”

“ఆ బంద్ కాదయ్యా. చుట్టూ కంచె ఉన్న చేను అనుకో. కంచె కట్టినవాడే కావలివాడు. విత్తనం అతని దగ్గరే కొనాలి, నాగలి అతను ఒప్పుకున్నదే తేవాలి. గేటు ఒక్కటే.”

“అడివి పందులు?”

“రావడం కష్టం.”

“మరి మంచిదే గద!”

“మంచిదే. కాని నీ చేనులో నీవు బావి తవ్వాలన్నా అతని అనుమతి కావాలి. రెండవది కంచె లేని చేను. ఎవరి నాగలైనా తెచ్చుకో, ఏ విత్తనమైనా చల్లుకో.”

“పందులు?”

“వస్తాయి. నీవే చూసుకోవాలి.”

“మా కంది చేను లెక్క.”

“అచ్చంగా.”

“మా సడ్డకుడు నర్సింగ్ పట్నంల పనికి పోయి ఐఫోన్ కొన్నడు సార్. ఎన్క పండు బొమ్మ ఉన్నది. ఎవడో కొరికిండు. గుస్సల ఉన్న ఆడిమనిషికి ఎంగిలి పండు ఫోన్ ఇస్తె ఇంక అగ్గైతది.”

“అది బొమ్మ, మల్లప్పా. బొమ్మకు ఎంగిలి ఉండదు.”

“మీకు ఉండది సార్. మా ఇంద్రమ్మకు ఉంటది. మీరైతె ఏది కొంటరు?”

“నేను తెరచినదే కొంటాను. మూసిన దానిని పరీక్షించలేము. పరీక్షించలేని దానిని నమ్మవలసి వస్తుంది. నమ్మడం నాకు బొత్తిగా చేతకాదు. ఏదైనా తెరచి ఉండాలి, ఫోనైనా, మనిషైనా. అయితే నేను చెప్పానని ఒప్పుకోవద్దు. నాలుగు రోజులుగా నా ఫోను ముట్టుకుంటే చాలు, పళ్ళపొడి ప్రకటన వస్తున్నది.”

“పందులు సొచ్చినయి సార్.”

“సొచ్చినయి.”

“మరి ఇంద్రమ్మకు?”

“ఆమె ఫోనుతో ఏమేమి చేస్తుంది?”

“మాట్లాడ్తది.”

“ఇంకా?”

“ఇంకా మాట్లాడ్తది. మా వదిన రామవ్వతోని. నడుమ గోడనే, అయినా ఫోన్లనే మాట్లాడుకుంటరు. సార్, వదినది ఖుల్లా ఫోన్. ఈమెకు బందుది ఇస్తె ఇద్దరు మాట్లాడుకోరాదా?”

“నిక్షేపంగా మాట్లాడుకోవచ్చు.”

“అయ్యో.”

“విచారమెందుకు?”

“వాళ్ళవి అన్ని నా మీది ముచ్చట్లే సార్.”

“అయితే ఆ రామవ్వనే అడుగు. ఊహించడం కంటే, తెలిసినవారిని అడగడం శాస్త్రీయం.”

“అడుగుత. నా దాంట్ల స్పీకరు పెడ్తెనే ఇనబడ్తది సార్, మీరు మాత్రం సప్పుడు చెయ్యకుర్రి... ఆ, వదినా! నేను, మల్లప్పను.”

“చెప్పు మల్లప్పా. ఇంద్రమ్మ గూడ ఈడనే ఉన్నది, కందులు చెరుగుతున్నం. ఉండు, నేను గూడ స్పీకరు పెడ్త, ఆమె ఇంటది.”

“వద్దు వదినా, వద్దు! పెట్టినవా?”

“పెట్టిన.”

“...ఆమె గుస్స పోయిందా?”

“ఏం గుస్స?”

“ఎనిమిది దినాల సంది మాట్లాడ్తలేదు గద.”

“ఓరి నీ! డాక్టర్ మాట్లాడొద్దన్నడు గద! జొన్న చేన్ల పిట్టల మీద అరిసి అరిసి గొంతు వాచింది. నేనే దవాఖానకు తోల్కపోయిన. పది దినాలు నోరు మెదపొద్దన్నడు. గొంతు మీద చెయ్యి పెట్టి నీకు చూపిచ్చిందట?”

“చూపిచ్చింది.”

“రాసి గూడ చూపిచ్చిందట?”

“చూపిచ్చింది... సార్, ఇన్నరా? గుస్స కాదట సార్, గొంతట!”

“విన్నాను. నేను మొదటినుంచీ...”

“ఎవరది పక్కకు?”

“ఎవ్వరు లేరు వదినా. బస్సు.”

“మల్లప్పా, నీ గురించి ఎంత గొప్పగ రాసిందో నీకెర్కనా? మా మనుమరాలి పలక గుంజుకొని రాసింది. ‘ఫోన్ చేతులుంటె మాట్లాడి గొంతు చెడగొట్టుకుంటనని, నా ఫోన్ దాచిపెట్టిండు. గిసొంటి మొగడు ఎవ్వరికి దొరకడు.’ వాడకట్టు ఆడోళ్ళందరికి చూపిచ్చింది.”

“గట్ల రాసిందా?”

“మీ అన్నకు నేనే సదివి ఇనిపిచ్చిన. తలకాయ వంచుకున్నడు.”

“...అవు వదినా. దాచిన. ఆమె గొంతు గురించే దాచిన.”

“మల్లప్పా, ఇది వాస్తవం కాదు.”

“సార్, జర ఊకోర్రి!”

“బస్సు మాట్లాడ్తుందా మల్లప్పా?”

“కండక్టర్ వదినా, కండక్టర్.”

“నేను కండక్టరును కాను. బసవరాజును. పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుడను.”

“సార్, మీ కాళ్ళు మొక్కుత! పెండ్లైన సంది నాకు ఇంత మంచి పేరు రాలే. గీ ఒక్క ముచ్చట బంద్ ఉంచుర్రి.”

“మూసి ఉంచితే ఏమవుతుందో జొన్నలలో చూశావు కదా. అమ్మా ఇంద్రమ్మా, మీ ఫోను దాచబడలేదు. బర్రె కుడితి గోలెంలో పడినది. ప్రస్తుతం జొన్నల డబ్బాలో ఉన్నది.”

“ఖుల్లా ఫోన్ వద్దు సార్, ఖుల్లా మీ నోరే సాలు!”

“నా ఫోనా? కుడితిలనా? నీ చేతులల్ల మన్ను వడ! నీ గొప్పలు పలక మీద రాసుకుంట ఇల్లిల్లు తిరిగితి గదయ్యా నేను!”

“సార్! మాట్లాడింది సార్! మా ఇంద్రమ్మ మాట్లాడింది!”

“అయ్యో ఇంద్రమ్మా, నోరు తెరిస్తివి గదనే! ఇంకా రెండు దినాలె ఉండె... మళ్ళ మూసింది మల్లప్పా.”

“వదినా, జర అడుగు! దుకాణం కాడనే ఉన్న, షట్టర్ ఎత్తుతుండ్రు. బందుదా, ఖుల్లాదా? ఏది గావాల్నంటె గది తెస్త. ఎంగిలిదైనా తెస్త!”

“ఆగు, పలక తుడుస్తుంది... రాస్తుంది... ఆ, సదువుత, ఇను. ‘నా నోరే బంద్. మళ్ళ పది దినాలు. గిది డాక్టర్ చెప్పింది కాదు, నేను చెప్పింది.’”