ఎడమ చూపుడువేలు

హలో… ఆ, నేనే… సత్యవతిని, పెడన నించి. మిస్డ్ కాల్ ఇచ్చింది నేనేనండీ ప్రసన్నగారూ.

ఐదూ నలభై అయింది. నన్ను ఓటెయ్యనివ్వలేదు. బయటికి పంపేశారు.

…పేరుందండీ. మీరు మా వీధికొచ్చి ఓటరు ఫారం నింపి ఎక్కించారుగా, అదే. మూడొందల పన్నెండో నంబరని పైకి చదివారు కూడా. తర్వాత బల్ల దగ్గరాయన ఎడమ చెయ్యి చూపించమన్నాడు…

వేలు నల్లగా ఉంది.

…సిరా కాదండీ. మా అద్దకం నలుపు. ఇనపముక్కలూ బెల్లమూ నానబెట్టిన రంగు. అచ్చుకి అచ్చు కలిసిందో లేదో ఈ వేలితోనే కదా ఒత్తి చూసుకునేది. గోరుకి కూడా పట్టేసింది.

…ఓట్ల సెలవే. అయినా ఆర్డరుందని షెడ్డుకి రమ్మన్నారు. మధ్యాహ్నం దాకా అచ్చులేశాను.

…చెప్పాను. వినలేదు. ఆయనది ఉయ్యూరు అవతలంట, అద్దకం చేతులెప్పుడు చూశాడు. ఒకసారి వేసి మళ్లీ వచ్చావా, దొంగ ఓటుకి ఏడాది జైలు అన్నాడు. నా పేరూ వీధీ కాగితం మీద రాసుకున్నాడు. కానిస్టేబుల్ని పిలిచి గేటు దాకా దింపి రమ్మన్నాడు…

…ఇంకేం మాట్లాడతానండీ. కానిస్టేబుల్‌తో బయటికి నడిచాను. వెనక వరసలోంచి మా వీధి నాగేంద్రబాబు, "మాక్కూడా ఓ ఓటు మిగల్చు అత్తా" అన్నాడు. అందరూ నవ్వారు.

…ఓట్లేసే బడి పక్క సందులో ఉన్నాను. పక్కింటి పాపాయమ్మ ఉంది తోడు. ఫోను తన దగ్గరే పెట్టి వెళ్లాను. నిమ్మచెక్క తెచ్చిచ్చింది, రుద్దుతున్నాను…

…రుద్దకూడదా?

…సిరా చెరిపేస్తున్నాననుకుంటారా… పారేశానండీ. పారేశాను.

ఇంటికెళ్లిపోతాను. వాళ్లు ఇంటికొస్తారా ప్రసన్నగారూ? ఆ కాగితం పోలీసులకిస్తారా?

…

…లిస్టులోనా? ఓటేసినవాళ్ల పేరు కింద గీత కొడతారా… లేదు, నా పేరు కింద కొట్టినట్టు లేదు… రిజిస్టర్లో సంతకమా? ఎక్కడా పెట్టలేదు. వేలిముద్ర కూడా వెయ్యలేదు.

…వేలు చూసినాయన కాదు, లోపల కూర్చున్న పెద్దాఫీసరుని అడగాలా. ప్రిసైడింగ్… ఆ. గీత చూడండి, సంతకం చూడండి. ఈ రెండే మాటలు.

…ఒకవేళ గీత ఉంటే? నా పేరు మీద ఇంకెవరో వేసేసుంటే?

…టెండర్ ఓటు. మిషను కాదు, కాగితం. కవర్లో పెట్టి ఉంచుతారు… అది నా హక్కా. అడిగితే ఇవ్వాల్సిందేనా… సరే.

…భయంగా ఉందండీ. ఆ కానిస్టేబులే ఉన్నాడు గేటు దగ్గర. మీరొస్తే… బందరు నించి అరగంట పడుతుందా. అప్పటికి ఆరు దాటిపోతుంది.

…ఆరు లోపు వరసలో నిలబడితే చాలా? ఎనిమిదైనా వెయ్యనివ్వాలా?… మీరు ఇంకో ఫోన్లో ఎన్నికల కంట్రోల్ రూముకి చెప్తానంటున్నారుగా, నా పేరు చెప్పండి. ఫోను పెట్టెయ్యకండి. నడుస్తున్నాను.

…ఐదూ యాభై రెండు. గేటు దగ్గరకొచ్చాను. వరస గేటు లోపలి దాకా ఉంది… కానిస్టేబుల్ నన్ను చూశాడు.

ఆపలేదు. లోపలికొచ్చాను. చివర నేనే.

…చెయ్యి కొంగులో పెట్టుకోవద్దంటారా… తీశాను.

…ఎవరో లోపల్నించి వచ్చి ఆయనతో మాట్లాడుతున్నారు. ఇటే చూపిస్తున్నారు. ప్రసన్నగారూ, కానిస్టేబులు నా దగ్గరికే వస్తున్నాడు. చేతిలో కాగితాలున్నాయి. అందులో నా పేరు రాసిన కాగితం ఉంటే…

…ఉన్నానండీ. కదల్లేదు.

…

చీటీ ఇచ్చాడు. కింద పెద్దాఫీసరు సంతకం ఉంది. ఒకటో నంబరు… అవునా, ఆరు తర్వాత వరసలో ఇంకెవరూ చేరకుండా చివరి నించి పంచుతారా. నా ముందామెకి రెండో నంబరిచ్చాడు.

…ఫోను బయటిచ్చెయ్యమంటున్నాడు. ఆ, ఇస్తున్నా బాబూ… పాపాయమ్మ గేటు ఊచల్లోంచి చెయ్యి పెట్టింది.

ఆరైందండీ. గేటు వేశారు. నేను లోపలున్నాను.