ఉషియో ఎవరు

ఒసాకాలో వీడియో ఆటల ప్రదర్శన జరుగుతున్న హాలు. స్టేజి వెనక చిన్న గది, మధ్యాహ్నం. యాసుహిరో, అతని చెల్లెలు ఫుమికా.

"మళ్ళీ వదిలేశావు. ఇసోనె ఊపిరి బటన్ నొక్కి పట్టమన్నాను కదా అన్నయ్యా."

"పట్టాను."

"పట్టి వదిలేశావు. ఎదుటివాడు కాలు ఎత్తనేలేదు, అప్పుడే వదిలేశావు. ఈ ఆట అయిదో భాగంలో అయితే చెల్లిపోయేది. ఇందులో ఇసోనె తొందరపడితే ఉత్తినే చేతులూపినట్టే."

"అసలెవడు మార్చమన్నాడు దాన్ని? పద్దెనిమిదేళ్ళు జనాన్ని ఊరించి ఊరించి, తీరా ఆరో భాగం తెచ్చి నా పాత్రనే పాడుచేస్తారా?"

"పాడుచెయ్యలేదు, బాగుచేశారు. ముత్యాల కోసం సముద్రంలో మునిగే మనిషి కదా ఇసోనె. ఊపిరి ఎప్పుడు వదలాలో తనకి తెలియొద్దూ? వెనకటికి ఎప్పుడు వదిలినా ఒకటే. ఇప్పుడు నిజంగా మునిగినట్టుంది... ఏమన్నావు? నీ పాత్రా?"

"అదే. మన పాత్ర."

"ఊఁ. ఇంకోసారి ఆడు."

"వద్దు. చేతులు చెమట పట్టేశాయి. ఈ గదిలో ఏసీ ఉందా లేదా? నీకు ఉక్కగా లేదూ?"

"నాకు చలేస్తోంది."

"నీకెందుకు వెయ్యదు! స్టేజి ఎక్కేది నువ్వా నేనా?"

"నువ్వే ఎక్కు."

"అలా చూడకు. నోరు జారింది. సరే గానీ, పొద్దుటినించీ ఎక్కడికెళ్ళావు? ఎనిమిదింటికే వస్తానన్నావు. నేనిక్కడ ఫోటోలు తీయించుకుంటూ, వాళ్ళు నవ్వమన్నప్పుడల్లా నవ్వుతూ, ఫోన్ చేస్తే తియ్యవు..."

"క్యూలో ఉన్నా."

"ఏం క్యూ?"

"పొడుగ్గా ఉంది. నువ్వేమైనా తిన్నావా? ఆ అన్నం ముద్ద అలాగే పడుంది."

"దిగట్లేదు. నువ్వు తిను."

"నేను తినేశా. ఉప్పు రేగుపండు పెట్టిందే, నీకిష్టం కదా. రెండు ముక్కలు తిను, కంగారు తగ్గుతుంది."

"నాకేం కంగారు లేదు!"

"సరే, లేదు."

"ఆగు, ఫోన్లో మెసేజ్ వచ్చింది. నేను ఆటలు నేర్పే బడి పిల్లలు... కింద హాల్లోనే ఉన్నారు అందరూ. బ్యానరు కూడా తెచ్చారట. 'మా ఉషియో మాస్టారు' అని రాసి... దేవుడా."

"ఏమంటున్నారు?"

"నాతో ఆడబోయే మనిషి తేలిపోయాడట. కింద పొద్దుటినించీ పోటీలు పెట్టారు కదా, అందులో గెలిచినవాడు. ఎవరో కొత్త మనిషట. పిల్లాడేం రాశాడో విను. 'మాస్టారూ, జాగ్రత్త. ఒక్క రౌండు కూడా పోగొట్టుకోకుండా వచ్చారు.'"

"ఒక్కటి పోయిందిలే."

"నీకెలా తెలుసు?"

"అక్కడ అనుకుంటుంటే విన్నా."

"ఏ పాత్రతో ఆడతాడో విన్నావా?"

"అడగలేదు."

"అడగొచ్చు కదే! నువ్వు నా వైపా, వాడి వైపా? మూడు నెలలు ఆదివారం ఆదివారం రైలెక్కి మీ ఊరు కొజిమా వచ్చి, మీ ఇంట్లో నేలమీద కూర్చుని నేర్చుకున్నాను. మీ ఆయన నన్ను చూసి నవ్వేవాడు కూడా. ఒక్క మాట కనుక్కుని రాలేకపోయావా?"

"మా ఆయన నిన్ను చూసి నవ్వలేదు."

"మరి?"

"నన్ను చూసి నవ్వాడు. వారమంతా జీన్స్ ప్యాంట్లకి జేబులు కుట్టి వచ్చి, ఆదివారం కూడా ఇంకొకళ్ళ పనే చేస్తున్నావా అని."

"ఆయనకి తెలుసా?"

"పెళ్ళైన వారానికే తెలుసు. నీకు చెప్పుకోడానికి ఎవరూ లేరు గానీ, నాకు మనిషున్నాడు."

"నాకెవరూ లేరంటావేంటి? యుకారి ఉంది, మా అమ్మాయి కొతోహా ఉంది."

"వదినకి చెప్పావా?"

"ఆ సంగతి ఇప్పుడెందుకు?"

"చెప్పావా అన్నయ్యా?"

"ఎలా చెప్పమంటావు? ఆవిడ నన్ను చేసుకుందే అది చూసి. కురషికి గేమ్ సెంటర్‌లో ఆ మూల మెషీన్ దగ్గర నేను కూర్చుని ఉంటే, వెనకవైపు మెషీన్ మీద ఓడిన ఒక్కొక్కడూ లేచొచ్చి 'ఉషియో' అంటూ నాకు వంగి వంగి దండం పెట్టి వెళ్ళేవాళ్ళు. ఆవిడ అక్కడ కొక్కెంతో బొమ్మలు పట్టే మెషీన్ దగ్గర పనిచేసేది. అంతా చూసింది."

"అంతా చూడలేదు. మూల మెషీన్ ముందు నీ జాకెట్ వేసుకుని, టోపీ కళ్ళమీదికి లాక్కుని కూర్చున్నదాన్ని చూడలేదు. అవతలివాడు లేచి ఇటు తిరిగొచ్చేసరికి సీట్లోంచి జారుకునేదాన్ని. నువ్వు కూర్చునేవాడివి."

"నువ్వే కదే కూర్చోమన్నావు!"

"నేనే అన్నాను. కాదన్లేదు."

"ఆడపిల్ల చేతిలో ఓడామని తెలిస్తే మెషీన్‌ని తన్నేవాళ్ళు. ఒకడైతే నిన్ను బస్టాండు దాకా వెంబడించాడు. మరిచిపోయావా? వాణ్ణి ఆపబోయి పన్ను విరగ్గొట్టుకున్నాను. ఇదిగో చూడు, ఇప్పటికీ ఇక్కడ తొడుగే. అమ్మతో మెట్ల మీద పడ్డానని చెప్పాను."

"మరిచిపోలేదు. అందుకే ఇన్నేళ్ళూ నోరు మెదపలేదు. నువ్వు ఆ పేరుతో ఉద్యోగం తెచ్చుకున్నా ఏమీ అనలేదు. ఆటలు నేర్పే బడిలో గుమ్మం పక్కనే నీ ఫోటో పెట్టి 'ఉషియో' అని రాస్తే, చూడ్డానికి కూడా వచ్చాను. బాగుందన్నాను."

"మరి ఇప్పుడేంటి?"

"మొన్న పత్రికలో నీ మాటలు చదివాను."

"ఏ మాటలు?"

"గేమ్ సెంటర్‌లో తుఫాను రోజు ఆడిన ఆట గురించి చెప్పావు కదా. 'బయట గాలికి షట్టర్లు కొట్టుకుంటున్నాయి. నాకు మాత్రం ఏమీ వినబళ్ళేదు. నీళ్ళ అడుగున ఉన్నట్టుంది. చేతులు నావి కావేమో అనిపించింది.' ఇలాగే ఉంది కదూ?"

"అవును. బాగుందని అందరూ మెచ్చుకున్నారు."

"అది నేను ఇంటికొస్తూ బస్సులో నీతో అన్నమాట."

"నువ్వా?"

"నేనే. కిటికీ పక్కన కూర్చున్నా. నువ్వు మొక్కజొన్న కంకి తింటున్నావు."

"నిజమా ఫుమీ? నేను... నేనే అనుకున్నాననుకున్నా. ఒట్టు. అబద్ధం చెప్పాలని చెప్పలేదు. ఆ విలేకరి అడుగుతుంటే నాకు నిజంగానే ఆ షట్టర్ల చప్పుడు... నిజంగానే ఆ నీళ్ళు..."

"తెలుసు. అదే నాకు భయమేసింది. అబద్ధమైతే కోపం వచ్చేది."

"నీళ్ళ సీసా ఎక్కడ పెట్టాను?"

"కూర్చో అన్నయ్యా. అటూ ఇటూ తిరక్కు. నాకు కళ్ళు తిరుగుతున్నాయి."

"కూర్చుంటే ఇంకా కంగారుగా ఉంది. ఎంత టైముంది?"

"కాసేపుంది. నేనొకటి అడుగుతాను, వింటావా?"

"ఆ వచ్చేవాడి పాత్ర ఏంటో కనుక్కోరాదూ ముందు?"

"ఇద్దరం కలిసి వెళ్దాం స్టేజి మీదికి. మైకు నీ చేతిలోనే ఉంటుంది. 'ఉషియో నేను కాదు, మా చెల్లెలు' అను. అంతే. నేనేమీ మాట్లాడను. దండం పెట్టి వచ్చేస్తాను."

"పిచ్చా నీకు?"

"నాలుగు మాటలు."

"వినడానికే నాలుగు! రేప్పొద్దున బడి వాళ్ళు గుమ్మంలోంచి నా ఫోటోతో పాటు నన్నూ పీకేస్తారు. పిల్లలు బ్యానరు పట్టుకుని కింద కూర్చున్నారు. కొతోహా స్నేహితుల ఇంట్లో టీవీ ముందు కూర్చుంది, మా నాన్న అని చెప్పుకుంటూ. దాని మొహం ఎలా చూడను?"

"నాతో చెప్పినట్టే చెప్పు దానికీ."

"నీతో ఏం చెప్పాను?"

"ఇప్పుడే కదా చెప్పావు. మరిచిపోయానని, నాదే అనుకున్నానని."

"అది వేరు."

"ఎలా వేరు?"

"నువ్వు నా చెల్లెలివి!"

"ఓహో."

"అది కాదు ఫుమీ... సరే. సరే, చెప్తాను. ఆట అయ్యాక చెప్తాను. ఇప్పుడు కాదు. జనం చల్లబడ్డాక."

"గెలిస్తే చెప్తావా, ఓడితే చెప్తావా?"

"గెలిస్తే... గెలిస్తే అప్పుడెందుకు... ఓడితే చెప్తాను."

"బాగుంది. గెలిస్తే ఉషియో నువ్వు, ఓడితే ఉషియో నేనా?"

"నా ఉద్దేశం అది కాదు!"

"నోట్లోంచి అదే వచ్చింది."

"నువ్వు మాటలు పట్టుకుని లాగితే నేనేం చెప్పలేను. చిన్నప్పుడూ ఇంతే నువ్వు. అసలు నీకేం పోయిందే? నిజంగా అడుగుతున్నా. నాకు నేర్పేదాకా ఇంత కాలం ఆ ఆట మొహం చూడలేదు. పెళ్ళి చేసుకున్నావు, జీన్స్ ఫ్యాక్టరీలో కుదురుగా పనిచేసుకుంటున్నావు, నీ బతుకు నీకు హాయిగా ఉంది. నీకెందుకిప్పుడు ఈ పేరు?"

"ఆట మొహం చూడలేదని ఎవరన్నారు?"

"చూశావా?"

"పాత మెషీన్ ఒకటి కొని గరాజులో పెట్టుకున్నాం. మా ఆయనకి ఒక్కసారి కూడా గెలుపు ఇవ్వలేదు, పాపం. కొత్త భాగం వస్తోందని తెలిసిన రోజు నేను భోజనం చెయ్యలేదు. ఆకలి వెయ్యలేదు. కుట్టు మెషీన్ మీద కూర్చుంటే కాళ్ళు ఆగలేదు. ఇసోనె ఉంటుందో ఉండదో, తీసేస్తారేమో అని. ఉందని ఫోటో వస్తే బాత్రూంలోకి వెళ్ళి తలుపేసుకుని ఏడ్చాను. అంతలో నువ్వు ఫోన్ చేశావు."

"నేను... ఏమన్నాను?"

"'ఫుమీ, నన్ను పిలిచారు' అన్నావు."

"అలాగే అన్నానా?"

"నన్ను పిలిచారు అన్నావు. నేను కూడా సంతోషించాను. కాసేపు."

"నాకు తట్టలేదే. ఒట్టు, తట్టలేదు."

"నీకు నేర్పుతుంటే బాగానే ఉండేది. నువ్వు నేర్చుకున్నావు కూడా. నిజం చెప్తున్నా, మొదటి ఆదివారానికీ ఇప్పటికీ పోలికే లేదు. ఊపిరి ఒక్కటే నీకు రాలేదు. నీకు మొదటినించీ ఆగడం రాదు."

"ఇప్పుడదంతా ఎందుకు? వాడెవడో రౌండు పోగొట్టుకోకుండా వస్తున్నాడు..."

"ఒక్కటి పోయింది."

"సరే, ఒక్కటి పోగొట్టుకుని వస్తున్నాడు! నేను అంత జనం ముందు మట్టికరిస్తే? 'ఉషియో ఇంతేనా' అంటారు. 'ముసలాడయ్యాడు' అంటారు."

"అంటే అననీ. ముప్ఫయ్యెనిమిదేళ్ళు వచ్చాయి, ముసలాడివే."

"నవ్వుతావా? నీకు నవ్వొస్తోందా?"

"ఏడవమంటావా? అన్నయ్యా, ఇటు చూడు. ఇక అడగను, ఇదే ఆఖరు. తలుపు కొట్టేలోపు చెప్పు. స్టేజి మీద చెప్తావా? చెప్తే నేను ఇక్కడినించే ఇంటికెళ్ళిపోతాను. ఆడను కూడా... నన్ను ఆడనివ్వమని కూడా అడగను. నువ్వే ఆడుకో. పేరు ఒక్కటి సరిచెయ్యి."

"ఫుమీ..."

"చెప్తావా?"

"నా వల్ల కాదు."

"ఆలోచించే చెప్తున్నావా?"

"ఆలోచించాను. నా వల్ల కాదు. నువ్వు తిట్టు, కొట్టు, మళ్ళీ మా గడప తొక్కకు. నేను వెళ్ళి ఆడి, గెలుస్తానో ఓడతానో, ఉషియోగానే దిగుతాను. ఇక మార్చలేను. వెళ్ళిపోతావా?"

"లేదు. ఉంటాను."

"ఉంటావా? నిజంగా? కోపం లేదూ?"

"ఉంటానన్నాను కదా. చెయ్యి తుడుచుకో, తలుపు కొడుతున్నారు."

"రండి, రండి!"

"ఉషియో గారూ, నమస్కారమండీ. అంతా సిద్ధం. పాత రోజుల్లోలాగే రెండు మెషీన్లు వీపులానించి పెట్టాం, ఒకరి మొహం ఒకరికి కనబడదు. మీరు కుడివైపు మెట్లు ఎక్కాలి. కానీ చిన్న ఇబ్బంది వచ్చిందండీ... మీతో ఆడాల్సిన మనిషి కనబడట్లేదు."

"కనబడట్లేదా! పారిపోయాడా?"

"అవతలి గదిలో కూర్చోబెట్టామండీ. ఇప్పుడు చూస్తే లేరు. కింద పోటీలో అంత బాగా ఆడి, ఆఖరి నిమిషంలో ఎక్కడికి... అయ్యో! మీరిక్కడున్నారా అమ్మా! హాలంతా వెతికించాం మీకోసం. ఎడమవైపు మెట్లు మీవి, రండి రండి. మీరు కాగితంలో పేరు దగ్గర ఖాళీగా వదిలేశారు, మైకులో ఏమని పిలవమంటారు?"

"ఫుమీ... నువ్వు... పొద్దుటినించీ నువ్వు..."

"మియోషి ఫుమికా అని పిలవండి. ముందున్నది మా పుట్టింటి పేరు, కాస్త గట్టిగా పలకండి, మా అన్నయ్యదీ అదే."