గంప లేని నడక

పులికాట్ ఒడ్డున అప్పుడే తెల్లవారుతోంది. ఆమె తన కూతురి బూట్లు తొడుక్కుంటుంటే, గడప దగ్గర వల బాగుచేస్తున్న మొగుడు తలెత్తి చూశాడు.

"మళ్ళా బయల్దేరినావా? నీ పెండ్లాం గంప లేకుండా ఎక్కడికి పోతా ఉండాదని నిన్న రేవులో అందరూ అడిగినారు."

"షుగరు తగ్గాలంటే రోజూ గంట నడవమని డాక్టరమ్మ చెప్పింది గదా మామా."

"నడవద్దని ఎవురన్నారు? ఖాళీ గంపన్నా నెత్తిన పెట్టుకో. చేపలు అమ్మేదానికి పోతా ఉండాదనుకుంటారు."

"ముప్పై ఏళ్ళు ఆ గంపతోనే నడిచినా. ఊళ్ళోకి చేపల ఆటో వచ్చినాకే కిందికి దించినా. ఇంక ఎత్తను."

"ఖాళీ గంపే గదే. బరువేముంది?"

"బరువు లేకపోతే నువ్వే పెట్టుకోని రా."

"నేనా? జనం నవ్వరా?"

"నన్ను చూసి నెల నుంచి నవ్వతానే ఉండారు. షుగరు మాత్రం మూడొందల నుంచి నూట ఎనభైకి దిగింది."

"మరి ఈ పొద్దు అడిగితే ఏం చెప్పమంటావు?"

"ఎక్కడికీ పోలా, ఊరికే నడస్తా ఉండాదని చెప్పు. ఆ గంప పారేయబాక. సాయంత్రం కోళ్ళను మూసేదానికి పనికొస్తాది."