ఊ టున్ ఫే విప్పించిన బూట్లు

బర్మాలో మాగ్వే దిగువన, ఐరావతి ఒడ్డునున్న ఆ ఊళ్లో ఊ టున్ ఫే బూట్ల కథ వినని మనిషి లేడు. పగోడా మెట్ల దగ్గర ఎంతటివాడైనా చెప్పులు కిందే విడిచి ఎక్కాలి. తెల్లదొరలు మాత్రం బూట్లతోనే ఎక్కేవారు. మన దేశంలో మనమేమిటన్న రోషం ఆ ఊరివాళ్లకు మొదట పుట్టింది ఆ బూట్ల చప్పుడుకే.

స్వాతంత్ర్యం వచ్చి నాలుగేళ్లయింది. ఆనాడు దొరకు ఎదురు నిలిచినవాళ్ల పేర్లు మెట్ల పక్కన రాతి మీద చెక్కిస్తారట. బడి మాస్టారు కో థీన్ నోటుపుస్తకం పట్టుకుని ఆ పొద్దున టీ కొట్టుకు వచ్చాడు. ఊ టున్ ఫే పెట్టె అడుగునుంచి పట్టు తలపాగా తీసి చుట్టుకుని, అందరికంటే ముందే వచ్చి కూర్చున్నాడు. ఆ రాతి మీద తన పేరు చూసుకుంటే చాలు, ఇంక హాయిగా పోవచ్చనుకున్నాడు.

ఒద్దికగానే మొదలుపెట్టాడు. "నేను చేసిందేం లేదు మాస్టారూ. ముప్పై నాలుగేళ్ల కిందటి మాట, అప్పుడు కచేరీలో బంట్రోతుని. దొర మెట్లెక్కుతుంటే ఎదురు వెళ్లి, అయ్యా, బూట్లు విప్పండి అన్నాను. అంతే."

"విప్పాడా బాబాయ్?" అన్నాడు పడవ నడిపే మౌంగ్ క్యీ, చుట్ట వెలిగించుకుంటూ.

"వంగి లాక్కున్నాడు గానీ రాలేదురా, చెమటకి అతుక్కుపోయాయి, ఇక నేనే ఒక చేత్తో పట్టి లాగాను."

అప్పుడే డా ఖిన్ లే వచ్చి మూల బల్ల దగ్గర కూర్చుంది. పగోడా మెట్ల కింద పూలమ్ముకుంటూ, జనం విడిచిన చెప్పులకు కాపలా కాస్తూ ముసలిదైపోయిన మనిషి. ఆమెను చూడగానే ఊ టున్ ఫే తలపాగా సర్దుకున్నాడు. ఆగితే ఆమె ఏదైనా అంటుందేమోనని ఊపిరి కూడా తీసుకోకుండా అందుకున్నాడు. కుడికాలి బూటు ఊడి ఐరావతి దాటి, అవతలి ఒడ్డున ఇనస్పెక్టరు టోపీ ఎగరగొట్టింది.

"నిన్నమొన్నటిదాకా ఏటి నడిమిదాకానే వెళ్లేదిగా," అన్నాడు మౌంగ్ క్యీ.

"నిన్న గాలి ఎదురు. సరే, ఎడమకాలి బూటు ఏమైందో తెలుసా?"

అది రంగూన్ మీదుగా సముద్రం దాటి, లండన్లో పెద్ద కచేరీ బల్ల మీద సిరాబుడ్డి పక్కన పడింది. అక్కడి దొరలు దాన్ని చూసి వణికిపోయి తంతి కొట్టారు. ఆ తంతి చూసి జావాలో డచ్చి దొరలు, సైగాన్లో ఫ్రెంచి దొరలు, కలకత్తాలో ఇంగ్లీషు దొరలు ఒక్క పూటలో బూట్లన్నీ విప్పి సముద్రంలో పారేశారు. అవి తెట్టు కట్టి ఓడలకు దారి లేకుండా పోయింది. జనం వాటి మీదుగానే నడుచుకుంటూ దేశం నుంచి దేశానికి పోయి, ఒకరికొకరు ధైర్యం చెప్పుకున్నారు. అలా వచ్చింది స్వాతంత్ర్యం.

అందరూ నవ్వారు. డా ఖిన్ లే నవ్వలేదు. ఆమె నవ్వి ఉంటే బాగుండునని ఊ టున్ ఫేకి అనిపించింది. మాస్టారు కలం తీసి, కథ సంగతి ఎలా ఉన్నా దొరకు అడ్డం వెళ్లింది నిజమే కదా, పేరు రాసుకోనా అని అడిగాడు.

"ఆ రోజు బూట్లు ఊడలేదు బాబూ," అంది డా ఖిన్ లే, మెల్లగా. "బూటు నేలకు తగలకుండా ఉంటే తప్పు లేదని పెద్దలు సర్దుబాటు చేశారు. రెండు చాపలు. ఒకదాని మీద దొర నడిచేవాడు, బంట్రోతు వెనకది తీసి ముందు వేసేవాడు. సగం మెట్ల దగ్గర మా ఇంటాయన వచ్చి చాప మీద కూర్చున్నాడు. పోలీసులు వచ్చి ఈడ్చుకుపోయారు. ఆరు నెలలు జైల్లో పెట్టారు. దగ్గుతూ తిరిగొచ్చాడు, ఎక్కువ రోజులు లేడు. ఈ మధ్య అన్నీ మర్చిపోతున్నాను. ఇది కూడా పోయేలోగా చెబుదామని వచ్చాను."

"ఆ బంట్రోతు ఎవరు అమ్మమ్మా?" అన్నాడు మౌంగ్ క్యీ.

ఆమె ఊ టున్ ఫే వైపు చూడలేదు. "గుర్తు లేదు నాయనా."

అతనికి ప్రాణం లేచొచ్చింది. లేచొచ్చినందుకు వెంటనే సిగ్గేసింది.

"సరే, మీ ఆయన పేరు చెప్పండి, రాస్తాను."

ఆమె నోరు తెరిచింది. పెదవులు కదిలాయి గాని మాట రాలేదు. బల్ల మీద వేలితో గీస్తూ వెతుక్కుంది. కళ్లలో భయం కనబడింది. మాస్టారు కలం పట్టుకుని ఆగాడు. ఆ పేరు తెలిసినవాడు ఆ ఊళ్లో ఇంకొక్కడే మిగిలాడు.

ఊ టున్ ఫే తలపాగా తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"ఫో లూ," అన్నాడు. మళ్లీ గౌరవంగా అన్నాడు, "కో ఫో లూ."

ఆమె ఊపిరి వదిలింది. మాస్టారు రాసుకుని, ఇంత చప్పున ఎలా గుర్తొచ్చిందని అడిగాడు.

"నన్ను పేరు పెట్టి పిలిచి, వేయకురా టున్ ఫే అన్నాడు. నేను చాప ఆయన పక్కనుంచి తిప్పి వేశాను. దొర దాని మీద నడిచి పైకి వెళ్లాడు."

డా ఖిన్ లే తన బల్ల మీది టీ కూజా అతని వైపు జరిపింది.

"తాగు," అంది. "పొద్దుటినుంచీ ఒకటే మాట్లాడుతున్నావు."

అతను కప్పులో పోసుకున్నాడు గాని, ఎత్తి తాగడానికి చెయ్యి రాలేదు.