ఎనిమిది జానల రబ్బరు

మంగతాయారని అప్పడాలావిడ ఒకావిడ ఉండేదంట, గోదారి గట్టునున్న ఊళ్ళో. ఆవిడ వత్తిన అప్పడం వెలుతురుకి ఎత్తి పట్టుకుంటే అవతల మనిషి మొహం కనపడాల్సిందే అనుకో, అంత పల్చన. కానీ ఏమైందంటే, ఒకసారి ఒకళ్ళ గృహప్రవేశానికి స్కూటరు డిక్కీలో, అదే సీటు కింద ఉంటది చూడండి, అందులో పెట్టి పట్టుకెళ్ళిందంట. దార్లో వాన. సీటు కింద చుట్టూ ఉండే రబ్బరు చీకిపోయి ఉంది కదా, నీళ్ళు లోపలికి దిగి అప్పడాలన్నీ చెమ్మ పట్టేసి, నూనెలో వేస్తే తడిగుడ్డల్లాగా మునిగిపోయాయంట. వంటమేస్త్రీ గవర్రాజు గరిటెతో ఒకటి పైకెత్తి, "ఏవమ్మా, ఇది అప్పడమా, చేతిరుమాలా?" అన్నాడంట అందరి ముందూ. ఆ మాట పాకిపోయింది. అప్పణ్ణుంచీ అప్పడాలు కావాలని ఆవిడ గుమ్మం ఎవరన్నా తొక్కితే ఒట్టు. చివరికెప్పటికో లంకలోంచి, అంటే గోదారి నడిమధ్యన ఉన్న ఊళ్ళోంచి, ఒక పెళ్ళివాళ్ళు కబురెట్టారంట. మూడొందలు కావాలమ్మా, మధ్యాన్నం విస్తళ్ళేసే వేళకి అందాలి, వంట మళ్ళీ గవర్రాజే అని. ఇంక చూడండి, పిండి దంచుతున్నా ఆవిడకి అదే గుబులు, వత్తుతున్నా అదే గుబులు. ఈసారి గానీ తడిశాయో, ఇంక అప్పడాల కర్ర అటకెక్కించెయ్యడమే.

ప్లాస్టిక్ కవర్లో కట్టుకుంటే పోయేదిగా అంటారేమో. అప్పడాన్ని కవర్లో బిగించి ఇంజను వేడి మీద పెడితే చెమటోడుద్దండి, నూలుగుడ్డలోనే కట్టాలి. అందుకని ముందు ఆ రబ్బరు మార్పించమని మొగుణ్ణి పోరిందంట. మొగుడు సూరిబాబు సీటెత్తి పాత రబ్బరు పట్టుకుంటే ముక్కలు ముక్కలుగా రాలిపోయింది, తీసి కాలవలో గిరాటేశాడు. డిక్కీ అంచు చుట్టూ చెయ్యి పరిచి జానలేసి, "ఎనిమిది జానలే తాయారూ, బజారెళ్తున్నావుగా, పట్రా" అన్నాడంట. ఈవిడ వెళ్ళింది. కొట్టు నిండా మగాళ్ళు. కొట్టాయన "ఎంత కొయ్యమంటావమ్మా?" అంటే, "ఎనిమిది జానలండి" అందంట చిన్నగా. "ఎవరి జానలమ్మా, మీయా, నాయా?" అని ఆయన నవ్వితే, పక్కన నలుగురూ నవ్వారు. మావారివండి అనొచ్చు కదా? అన్లేదు. నలుగుర్లో మొగుడి మాటెత్తడానికి సిగ్గు. తలొంచుకుని "నాయేనండి" అనేసిందంట. అని, బల్ల మీద రబ్బరు పరిచి ఒకటీ రెండూ మూడూ అని తన చేత్తోనే కొలిచి తెచ్చుకుంది. అదే కొంప ముంచింది.

పెళ్ళిరోజు పొద్దున్న ఆకాశం నల్లగా మూసుకొచ్చేసింది. సూరిబాబు రబ్బరు అంచుకి దోపుకుంటూ దోపుకుంటూ వచ్చి, చివర్లో ఆగిపోయాడంట. ఇంకా జానన్నర ఖాళీ! "ఇదేంటే, ఎనిమిది అన్నానుగా?" "ఎనిమిదే లెక్కెట్టానండి." "ఎవరి చేత్తో?" అన్నాడంట. ఈవిడ తన చెయ్యి చూసుకుంది. ఆయన తన చెయ్యి పక్కన పెట్టాడు. ఆయన చేతి పక్కన ఈవిడ చెయ్యి తమలపాకంత. గోదారి దాటించే పంటు తొమ్మిదింటికి వెళ్ళిపోద్ది, బజార్లో కొట్టు పదింటిదాకా తియ్యరు. టపటపా చినుకు మొదలైంది. "గుడ్డ కుక్కేద్దాం" అన్నాడంట ఆయన. "గుడ్డ నీళ్ళు తాగుద్దండీ" అని ఈవిడ వంటింట్లోకి పరిగెత్తి, మిగిలిన అప్పడాల పిండి ముద్ద పట్టుకొచ్చిందంట. నూనె రాసి, తాడులా సాగదీసి, ఆ ఖాళీలో నొక్కి నొక్కి పెట్టింది. "పెళ్ళికెళ్తున్నామా, బండికి పలారం పెడుతున్నామా?" అన్నాడంట సూరిబాబు. ఈవిడకి నవ్వెక్కడొస్తది?

పంటు మీద జడివాన. అందరూ రేకు కిందకి దూరారు, ఈవిడ మాత్రం బండి దిగలేదంట. సరిగ్గా ఆ పిండి పెట్టిన వైపుకి బరువంతా వేసి కూచుంది. చీర ముద్దయిపోయింది, జడ కొసలోంచి నీళ్ళు కారుతున్నాయి. "ఒకసారి తీసి చూద్దామా?" అని మొగుడంటే, "ముట్టుకోకండి!" అని అరిచిందంట. పెళ్ళయ్యాక ఆయన మీద అరవడం అదే మొదలనుకో. లంక రేవులో దిగాక గుంటలో చక్రం పడ్డప్పుడల్లా ఈవిడ గుండె అందులో పడేది.

పెళ్ళింటి దగ్గర మొదటి బంతి కూచుంది, పప్పు వడ్డించేశారు. గవర్రాజు మూకుడు దగ్గర కాచుక్కూచున్నాడు. తాళం తిప్పితే టక్కుమంది గానీ సీటు లేవదే! ఆ పిండి వానకి తడిసి, కింద వేడికి ఉడికి, పైన ఇద్దరి బరువుకి అణిగి బంకలా పట్టేసిందంట. ఈవిడ లాగింది, ఆయన లాగాడు, ఊహూఁ. "ఏవమ్మా, ఈసారి సీటు వేయించమంటావా?" అన్నాడంట గవర్రాజు. అంటూనే తనూ లేచొచ్చి ఓ చెయ్యేశాడులే. ముగ్గురూ కలిసి లాగితే ఫట్టుమని లేచింది. మూట తీశారు. పైగుడ్డ పొడిగానే ఉంది, కానీ లోపల? ఈవిడ విప్పలేకపోయిందంట. గవర్రాజే విప్పి, ఒకటి తీసి నూనెలోకి జారవిడిచాడు. ఈవిడ కళ్ళు గట్టిగా మూసేసుకుంది. చెమ్మ పట్టిన అప్పడం సుయ్ మని మూలిగి మునిగిపోద్ది కదా, ఆ మూలుగు కోసమే చెవులు రిక్కించిందంట. చర్రుమంది. ఇంకోటి, చర్రు. మూడోది కూడా చర్రుమన్నాక ఒక కన్ను తెరిస్తే, మూకుడంతా అప్పడమే పూసి ఉంది. గవర్రాజు వాటిని గరిటెతో దేవి, "బంతి మీదకి పట్టుకెళ్ళండ్రోయ్" అని అరిచాడంతే. ఆయన మెచ్చుకోలు అంతే మరి.

ఆ జానన్నర రబ్బరు తర్వాతైనా తెచ్చుకుందా అంటారా? తెచ్చుకోలేదంట. మళ్ళీ ఆ కొట్టుకెళ్ళి ఎవరి జానలో చెప్పాలి కదా. ఇప్పటికీ ఆ బండి ఎక్కడ ఆపితే అక్కడికి చీమలు బారు కట్టేస్తాయంట. పాపం, సూరిబాబు దులుపుకుని మరీ ఎక్కుతాడు.