కొండమీదికి రెండు తుపాకులు

పొద్దున్నే అమెరికాలో, వయోమింగ్‌లోని తన తుపాకుల కొట్టు తెరుస్తున్న ఆర్లిస్, గుమ్మంలో వెర్నాను చూసి గబగబా జుట్టు సవరించుకున్నాడు. ఇద్దరికీ అరవై దాటాయి.

“ఏం కావాలి వెర్నా?”

“నలభై నాలుగు మాగ్నం రివాల్వర్ ఒకటి. గొర్రెలతో కొండమీదికి మకాం మారుస్తున్నా.”

“ఒక్కదానివేనా? అక్కడ ఎలుగుబంట్లున్నాయి.”

“అందుకేగా తుపాకీ!”

“అయితే ఇది తీసుకో. కాస్త బరువే, కానీ పేల్చినప్పుడు చెయ్యి అంతగా అదరదు.”

“బాగుంది. ఇవే తూటాలు పట్టే రైఫిల్ కూడా చూపించు.”

“మంచి ఆలోచన. రెండింటికీ ఒకటే పెట్టె మోసుకెళ్లొచ్చు. ఇదిగో, భుజానికి ఆనించు.”

“నాకు పొడుగైంది. నువ్వు ఆనించు చూద్దాం.”

“నాకు అచ్చంగా సరిపోయింది. ఉండు, నీకు కురచది తెస్తా.”

“వద్దు. ఇదే కట్టు.”

“పొడుగైందన్నావుగా?”

“నీకు సరిపోయిందిగా, మొద్దు మనిషీ! రివాల్వర్ నాది, రైఫిల్ నీది.”

ఆర్లిస్ రైఫిల్‌ను మెల్లగా బల్లమీద దించాడు. భార్య పోయాక ఇన్నేళ్లలో, ఈ మాట వెర్నాతో తనే అనాలని ఎన్నిసార్లు గుటకలు మింగాడో!

“అంటే... నన్నూ రమ్మంటున్నావా?”

“పెళ్లి చేసుకోమంటున్నా. గొర్రెలన్నీ ఒప్పుకున్నాయి, నువ్వే మిగిలావు.”

“మరి కొట్టు?”

“మీ తమ్ముడు పదేళ్లుగా అడుగుతున్నాడుగా, ఇచ్చెయ్.”

ఆర్లిస్ ఫోన్ అందుకున్నాడు.

“తమ్ముడూ, వచ్చి తాళాలు తీసుకో. అవును, ఇప్పుడే. ఒంట్లో బాగానే ఉందిరా! ఇంత బాగా ఎన్నడూ లేదు.”