గేటు దగ్గర ఆగిన కెమెరా

వెయ్యిన్నీ తొమ్మిదివందల తొంభై, జూన్ నాలుగు, సోమవారం. ఆ ఉదయం మన నీటి శుద్ధి కేంద్రం ప్రయోగశాలలో సహాయ రసాయనవేత్తగా చేరిన యువతి మధ్యాహ్నం తిన్నది రెండు ఉడకబెట్టిన గుడ్లు, ఒక అరటిపండు. తిన్న చోటు భోజనశాల కాదు, నాలుగో ఇసుక మడి గట్టు. కొత్తగా వచ్చినవారికి ఒక కుర్చీ చూపించాలన్న ధ్యాస ఆనాడు ఎవరికీ లేకపోయింది. ఆమె కూడా అడగలేదు. గట్టు మీద కూర్చుని రెండో గుడ్డు పెంకు ఒలుస్తుండగా, నుదుట ఎర్రటి బిళ్ళ ఉన్న నల్లటి నీటికోడి ఒకటి నీటి అంచున నడుస్తూ ఆగి, ఆమె వంక చూసిందట. "ఆ గుడ్డు నాదేనా అని అడిగినట్టు చూసింది. నాకు సిగ్గేసి డబ్బా మూత పెట్టేశాను" అని చెప్పి ఎన్నిసార్లు నవ్వేవారో!

ఆ యువతే నేడు మనమందరం 'ల్యాబ్ మేడమ్' అని పిలుచుకునే మన ముఖ్య రసాయనవేత్త. ఈ నెలాఖరున వారు పదవీ విరమణ చేస్తున్నారు. ఆ శుభసందర్భంలో వారి సేవను స్మరించుకోవడం ఈ సంచికకు గౌరవం.

ఇసుక మడి అంటే కొత్తగా చేరినవారికి తెలియకపోవచ్చు. ఇటుక గోడల నడుమ పరిచిన ఇసుకలోంచి నీరు తనంతట తాను నెమ్మదిగా దిగి తేటపడే పెద్ద తొట్టి అది. అలాంటివి నాలుగు ఉండేవి. పొద్దున డ్యూటీ ఎక్కగానే ఆ మడులన్నింటి దగ్గరా ఆగి, సీసాల్లో నమూనాలు పట్టుకుని ప్రయోగశాలకు చేరడం మేడమ్‌గారి దినచర్య. "తేట నీళ్ళన్నీ మంచినీళ్ళు కావు" అన్నది వారి మాట. పరీక్ష పూర్తికాని నీటిని ఊళ్ళోకి వదలమని ఎంతటివారు చెప్పినా వదిలిన మనిషి కారు. అలాగని ఎవరి మీదా గొంతు పెంచిన మనిషీ కారు.

ఉద్యోగంలో చేరిన కొన్నాళ్ళకు, కళ్ళజోళ్ళ దుకాణం నడిపే వారి భర్తగారు ఒక పాత కెమెరా కొని తెచ్చారు. "ఊరందరి చూపూ సరిచేసి సరిచేసి, ఆఖరికి నాకో మూడో కన్ను అంటగట్టారు" అని మేడమ్ మురిసిపోయేవారు. ఒక భుజాన నమూనా సీసాల సంచి, మరో భుజాన కెమెరాతో మడుల గట్ల వెంట ఆగి ఆగి నడిచే ఆమెను చూసి మనవాళ్ళు ఊరుకుంటారా? కదలక మెదలక నిలబడితే 'కొంగజపం' అన్నారు. "ఇవాళ నీళ్ళు పరీక్షించారా మేడమ్, పిట్టల్ని పరీక్షించారా?" అని అడిగినవారికి, "పిట్టలు పాసయ్యాయి. నువ్వే మిగిలావు, రా" అని జవాబు వచ్చేది.

ఇక రాయవద్దని మేడమ్ పట్టుబట్టిన సంగతి, అందుకే రాయక తప్పని సంగతి ఒకటుంది. శుద్ధి చేసిన నీరు ఊళ్ళోకి వెళ్ళే ముందు నిలిచే తొట్టికి అప్పట్లో కప్పు లేదు, చుట్టూ అడ్డుగా ఇనుప కమ్మీ లేదు. ఒక వేసవి ఉదయం, నీటిమట్టం కొలిచే కర్ర మీద లకుముకి పిట్ట ఒకటి వచ్చి వాలింది, ముక్కున చేపపిల్లతో. పిట్ట, చేప, కర్ర మూడూ బొమ్మలో ఇమడాలని మేడమ్ ఒక్క అడుగు వెనక్కి వేశారు. ఆ అడుగు మోపడానికి అక్కడ గట్టు లేదు.

ధబ్బున చప్పుడు విని గేటు కాపలాదారు వెదురు గెడతో పరుగెత్తుకొచ్చాడు. వయసుతో నిమిత్తం లేకుండా, మీసాలు చూసి అందరూ బాబాయి అని పిలిచే మన గేటు బాబాయే అతను. కెమెరాను నెత్తిన పెట్టుకుని, మెడలోతు నీళ్ళలో నిలబడి మేడమ్ కేకలు వేస్తున్నారు.

"గెడ పట్టుకోండి మేడమ్, గెడ!"

"గెడ సంగతి తర్వాత! ముందు ఊళ్ళోకి వెళ్ళే వాల్వు కట్టు నాయనా!"

"మునిగిపోతారండీ!"

"కాళ్ళకి నేల అందుతోందయ్యా! నువ్వు వాల్వు కట్టు!"

వాల్వు కట్టాకే వారు గెడ అందుకున్నారు. ఆనాటి పెద్ద ఇంజనీరుగారు దయగల మనిషి. సంగతిని అక్కడికక్కడే సర్దేద్దామనుకున్నారు.

"చూసింది మనం ముగ్గురమే కదమ్మా. మందు కలుపుతాం, అదే చూసుకుంటుంది. అయినా మీరు పొద్దున్నే స్నానం చేసే వచ్చుంటారు."

"నేను చేశాను సార్. నా చెప్పులు చెయ్యలేదు."

తొట్టి మొత్తం ఖాళీ చేయించి, కడిగించి, మళ్ళీ నింపేసరికి సాయంత్రమైంది. అంతవరకూ ఊళ్ళో ఏ కుళాయికీ చుక్క రాలేదు. తడిసిన బట్టలు ఒంటి మీదే ఆరిపోగా ఇల్లు చేరితే, ఖాళీ బిందెల మధ్య భర్తగారు నడుముల మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉన్నారట. "ఊరందరికీ గొంతు తడవకుండా చేసి, నువ్వు మాత్రం నిండా మునిగొచ్చావు. బాగుంది!"

మర్నాడు ఆమె తన మీద తానే నివేదిక రాసి ఇచ్చారు. చివర ఒక నిబంధన కూడా తానే ప్రతిపాదించారు: ఇకపై ఉద్యోగులెవరూ కెమెరాతో గేటు దాటరాదు. ఇంజనీరుగారు వద్దువద్దంటూనే సంతకం చేశారు. ఆ రోజు నుంచి ప్రతి ఉదయం మేడమ్ కెమెరాను గేటు గదిలో బాబాయికి అప్పగించి లోపలికి వెళ్ళడం, డ్యూటీ దిగాక తీసుకోవడం. చంటిపిల్లను అందుకున్నట్టు రెండు చేతులా అందుకునేవాడతను. కాలక్రమంలో అందరి జేబుల్లోకీ ఫోన్లు వచ్చాయి, ఆ ఫోన్లకు కెమెరాలూ వచ్చాయి. బోర్డు మీద ఆ నిబంధన అక్షరాలు వెలిసిపోయాయి. దాన్ని ఇంకా పాటిస్తున్నది ఒక్క మేడమే.

లోపల తలుపు మూసుకుపోయిందని వారు చింతించలేదు. డ్యూటీకి గంట ముందే వచ్చి, మన ప్రహరీ గోడ బయటి సందులో తిరగడం అలవాటు చేసుకున్నారు. పొర్లిన నీరు పారే చిన్న కాలువ, నాలుగు ముళ్ళపొదలు, పగిలిన పాత పైపులు: ఆ సందులో ఉన్నదంతా అంతే. ఆ అంతలోనే పిల్లను నోట కరుచుకుని పరుగెత్తే ముంగిస తల్లి దొరికింది. పైపు నోట్లో కూర్చుని వానకోసం చూసే కప్ప దొరికింది. కరెంటు తీగకు గూడు వేలాడదీసి, నచ్చక విప్పి, మళ్ళీ అల్లుకున్న గిజిగాడు దొరికాడు. క్యాంటీన్ గోడకు అంటించిన ఆ ఫొటోలు చూసి ఒక ఫిట్టరు "ఇది ఏ అడవి మేడమ్?" అని అడిగితే, "నువ్వు రోజూ సైకిల్ ఆనించే గోడ నాయనా" అన్నారు. ఆ తరువాత చాలామంది సైకిళ్ళు కాస్త దూరంగా పెట్టడం మనం చూశాం.

స్టోర్స్ విభాగంలో పనిచేసే ఒక సహోద్యోగి, తన భార్య పోయిన కొత్తలో, ఇంట్లో ఉండలేక, తెల్లవారకముందే వచ్చి గేటు బయటి మెట్ల మీద కూర్చునేవారు. చూసినవారల్లా ఆయన్ను ఓదార్చేవారు. ఓదార్పు వినీ వినీ ఆయన అలిసిపోయారు. ఒకనాడు మేడమ్ మెట్ల దగ్గరకు వచ్చి కెమెరా నిలబెట్టే స్టాండు ఆయన ముందు పెట్టారు. "కాస్త ఇది పట్టుకుని వస్తారా? చెయ్యి ఖాళీ లేదు" అన్నారు. ఆయన పట్టుకుని వెళ్ళారు. సందులోని పొదలో బొటనవేలంత పిట్ట, తనకంటే పెద్దగా నోరు తెరిచిన పిల్లలకు పురుగులు పెడుతోంది. ఇద్దరూ ఒక్క మాటా మాట్లాడుకోలేదు. మర్నాడూ చెయ్యి ఖాళీ లేదు, ఆ మర్నాడూ లేదు. ఆ చేతులు నిజానికి అంత తీరిక లేనివేమీ కావని ఆ సహోద్యోగికి తట్టడానికి చాలాకాలం పట్టింది. తట్టేనాటికి ఆయన తిండి తింటున్నారు, నిద్రపోతున్నారు.

కొత్త యంత్రాలు వచ్చాక ఇసుక మడులకు పని లేకుండా పోయింది. మూడింటిని పూడ్చి గదులు కట్టాం. నాలుగోది మాత్రం మిగిలింది. వాననీరు, ఊటనీరు చేరి, తుంగ మొలిచి, నీటికోళ్ళు ఏటా పిల్లల్ని పెట్టే మడుగైంది. నిరుడు దాన్ని కూడా పూడ్చి ట్యాంకర్లు నిలపాలన్న ప్రతిపాదన వచ్చింది. మేడమ్ తమ ఉద్యోగ జీవితంలో తమకోసం అడిగినది ఏదైనా ఉందంటే, ఆ ఒక్క మడిని వదిలేయమని అడగడమే.

ఇప్పటి మన ఇంజనీరుగారు వయసులో ఆమెకంటే చిన్నవారు, సహృదయులు. సమావేశంలో అందరి ముందూ అన్నారు: "పైవాళ్ళకి చూపించడానికి ఏదో ఒకటి కావాలి కదా మేడమ్. ఫొటోలివ్వండి, పంపిస్తాను."

మేడమ్ తల అడ్డంగా ఊపారు. "గోడ బయటివి బీరువా నిండా ఉన్నాయి సార్. లోపల ఈ మడుగువి ఒక్కటీ లేవు."

ఎందుకు లేవో తెలిసిన పాతవారు తలలు దించుకున్నారు. కథ విన్న ఇంజనీరుగారు నవ్వి, "రేపొక్కరోజు కెమెరా తెచ్చుకోండి. నేను చూడనట్టు ఉంటాను" అన్నారు.

"మీరు చూడకపోయినా నేను చూస్తానుగా సార్" అన్నారు మేడమ్. "ఫొటో ఎందుకు? తెల్లవారేసరికి మీరే రండి."

వారు వచ్చారు. మేడమ్, ఇంజనీరుగారు, తోడుగా బాబాయి, పాత ఇసుక గంపలు బోర్లించుకుని గట్టు పక్కన కూర్చున్నారు. ఎంతసేపటికీ ఏమీ రాలేదు. ఇంజనీరుగారికి కునుకు పట్టింది. ఎట్టకేలకు తుంగలో ఏదో కదిలింది. సరిగ్గా అప్పుడే వారి ఫోను మోగింది. తుంగ సద్దుమణిగిపోయింది.

"సార్, కెమెరాలు గేటు దగ్గరే పెట్టాలండీ" అన్నాడు బాబాయి మెల్లగా.

"ఇది ఫోనయ్యా."

"మేడమ్‌గారి ఫోను రోజూ నా బల్ల మీదే ఉంటుందండీ."

ఇంజనీరుగారు ఆమె వైపు తిరిగారు. "ఇన్నేళ్ళూనా?"

"నిబంధనలో ఫోను అని రాయలేదు సార్. కానీ దానికీ కన్నుందిగా."

ఆయన ఫోను బాబాయి చేతిలో పెట్టారు. అతను గేటు గదిలో పెట్టి వచ్చేసరికి ఎండ తుంగ మీదికి దిగింది. నీటికోడి బయటికి వచ్చింది. వెనకే మసిబొగ్గు ఉండల్లా పిల్లలు, ఎర్రటి ముక్కులతో. ఆఖరిది ఒక ఆకు మీదికి ఎక్కి దిగలేక కీచుమంది. తల్లి వెనక్కి వచ్చి, ఆకు చివర తొక్కి వంచింది. పిల్ల జారి నీళ్ళలో పడి, ఏమీ ఎరగనట్టు ఈదుకుంటూ పోయింది.

ఇంజనీరుగారు చాలాసేపటికి అడిగారు: "ఇవి రాత్రిళ్ళు ఎక్కడ పడుకుంటాయి?"

"ఇక్కడే సార్."

గేటు దగ్గర ఫోను తీసుకుంటూ ఇంజనీరుగారు, "ట్యాంకర్లకి వెనకవైపు చోటు చాలుతుందేమో కొలిపించాలి" అని తమలో తాము అనుకున్నట్టు అన్నారు. పైకి ఏమి రాశారో, ఎన్నిసార్లు తిరిగారో వారే చెప్పాలి. ఉత్తర్వు వస్తుందో రాదో తెలియక మేడమ్ ఈ ఏడాదంతా ఎదురుచూశారు. పదవీ విరమణ లోపల రాదనే అందరం అనుకున్నాం. కిందటి వారం వచ్చింది: నాలుగో ఇసుక మడి పూడ్చబడదు.

మేడమ్‌కు జీవితకాల ప్రవేశ అనుమతి ఇస్తామని ఇంజనీరుగారు ముందుకొచ్చారు. వారు ఒప్పుకోలేదు. "నా ఒక్కదానికే ఎందుకు సార్? అందరికీ దారి పెట్టండి" అన్నారు. తమ ఉద్యోగంలో చివరి ముసాయిదా వారు రాసినది ఇందుకే: మడి చుట్టూ ముందు కమ్మీ కట్టాలి, సందు వైపు ఒక చిన్న తలుపు పెట్టాలి, వెలుగు ఉన్నంతసేపూ ఎవరైనా రావచ్చు, కమ్మీ ఇవతల నిలబడి కెమెరా వాడవచ్చు. వెనక్కి అడుగు వేసే ముందు వెనక్కి చూసుకోవాలన్న ఆఖరి వాక్యాన్ని ఇంజనీరుగారు కొట్టేయబోతే, "అది ఉండాలి సార్, అనుభవంతో రాసింది" అన్నారట.

వారి సేవలకు మన కేంద్రం ఎంతైనా రుణపడి ఉంది. వారి చూపు చెదరకుండా, మోకాళ్ళు మొరాయించకుండా, తెల్లవారు ఝామున ఇంటినుంచి బయలుదేరే ఆ ఉత్సాహం తరగకుండా ఉండాలనీ, స్టాండు మోసే బాధ్యత ఇకపై తీసుకుంటానన్న వారి భర్తగారికి ఆ ఓపిక కలకాలం నిలవాలనీ, దంపతులిద్దరూ సంపూర్ణ ఆరోగ్యంతో ఇంకా ఎన్నెన్నో ఉదయాలు చూడాలనీ సహోద్యోగులందరి తరఫున మనసారా కోరుకుంటున్నాం.

కమ్మీ కట్టడం పూర్తయింది, నిన్న ఆ తలుపు బిగించారు. సాయంత్రం వరకూ వచ్చినవాళ్ళు వస్తూనే ఉన్నారు. చూసినవాళ్ళు గుసగుసగా చెప్పుకుంటూ వెళ్ళారు. వెలుగు పోయాక గేటు బాబాయి లోపలికి ఒకసారి తొంగిచూశాడు. తుంగలో నీటికోళ్ళు సర్దుకుంటున్న సవ్వడి వినిపించింది. కొత్త బందులు కిర్రుమనకుండా తలుపును కాస్త పైకెత్తి దగ్గరకు తెచ్చి, గడియ చప్పుడు కాకుండా వేలు అడ్డుపెట్టి, మెల్లగా మూశాడు.